చంద్రుడి పెట్టె

ఫిబ్రవరి 1

ఈ పుస్తకం ఇంటి ఖర్చుల కోసం కొన్నది. పాతదానిలో ఇంకా చోటుంది కాబట్టి దీన్ని ఇలా రాసుకోవడానికి వాడుతున్నాను. ఎవరూ చదవరు. చదివినా దస్తూరికి వంక పెట్టలేరు.

ఉదయం నాటకశాల దర్శకుడు ఇంటికి వచ్చాడు. రెండు మాటలు మాట్లాడితే ఒకసారి మణికట్టు చూసుకుంటాడు. అందుకని మా మనవరాలు అతనికి గడియారం అని పేరు పెట్టింది. అది అక్కడే దీపాల పని చేస్తుంది. పగలంతా చీకట్లో కూర్చుని దీపాలు వెలిగించి ఆర్పుతుంది కాబట్టి నేను దాన్ని మిణుగురు అంటాను. చదివిన చదువుకు ఇంతకంటే మంచి ఉద్యోగం రాకపోదు. ఆ విషయం దానికి చెప్పాను. తరచుగా చెబుతున్నాను.

గడియారం వచ్చిన పని ఇది. ఈ నెల ఇరవై ఒకటిన కొత్త నాటకం. నెల్లాళ్ళలో వస్తానని పనికి వెళ్ళిన భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి కథ. ఒకటే గది, ఒకటే కిటికీ. రోజులు గడిచాయని చెప్పేది ఆ కిటికీలో కనిపించే చంద్రుడే.

"చంద్రుణ్ణి మాష్టారే చెయ్యాలి," అన్నాడు.

మాష్టారంటే మా ఆయన. ఆ నాటకశాలలో నలభై ఏళ్ళు తెరలకు రంగులు వేశారు. మానేసి ఆరేళ్ళయింది. అయినా ఒక్క క్షణం ఆలోచించలేదు. "చేస్తాను," అన్నారు.

"కళ్ళు చూపించుకున్నాక చేస్తారు," అన్నాను.

"నా కళ్ళకేం? ఈ గదిలో బల్బు మసక."

బల్బు మసకే. నేనూ చూశాను.

మిణుగురు ఆయన పక్కన చేరి, "తాతయ్యా, ప్రొజెక్టరు ఉందిగా. నిజం చంద్రుడి ఫోటోనే పడేస్తాను. నీకెందుకు శ్రమ?" అంది.

"నిజం చంద్రుడే కావాలంటే నాటకశాల పైకప్పు పీకెయ్యమను. సిమెంటు రేకులేగా, పోయేదేం లేదు."

గడియారం నవ్వి, మణికట్టు చూసుకుని, పద్నాలుగో తేదీ వరకు గడువు పెట్టాడు. అప్పటికి ఆయన చంద్రుడు సిద్ధమైతే సరే, లేకపోతే ప్రొజెక్టరే.

అతను వెళ్ళాక ఆయన అటకమీంచి చంద్రుడి పెట్టె దింపించారు. వేలి మందాన దుమ్ము. చెక్క పెట్టె, ముందు గుండ్రటి రంధ్రం, దానికి బిగించి కట్టిన పల్చటి మల్లు బట్ట, లోపల బల్బు. బట్టకూ బల్బుకూ మధ్య రేకు జరిపితే చంద్రుడు తరుగుతాడు, తీస్తే పెరుగుతాడు. దుమ్ము తుడిచి మల్లు బట్ట మీద అరచెయ్యి ఆనించారు. జ్వరం చూసినట్టు.

ఫిబ్రవరి 3

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన్ని బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ నాతో విడిగా మాట్లాడింది. విన్నాను. రాయవలసినంత విశేషం ఏమీ లేదు. కళ్ళు పొడిబారకుండా చుక్కల మందు, ఉదయం, సాయంత్రం.

దారిలో అడిగారు. "ఏమంది?"

"వయసు అంది."

"నీదా, నాదా?"

"ఇద్దరిదీ."

ఫిబ్రవరి 4

ప్రతి నెలా మొదటి నెలవంకను ఇద్దరం మేడమీదికి వెళ్ళి చూడటం మా అలవాటు. ముందు చూసినవాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు మర్నాడు పొద్దున్నే లేచి పాలు కాచాలి. ఆయనది రంగులు వేసే కన్ను. నాది లెక్క చూసుకుని ఎటు ఉంటాడో ముందే తెలుసుకుని ఎక్కే బుద్ధి. అయినా దాదాపు ప్రతిసారీ ఆయనే గెలిచేవారు. నా పెళ్ళైన జీవితంలో ఎక్కువ పాలు నేనే కాచాను.

ఇవాళ నేను ముందు చూశాను. పక్కింటి టెలిఫోను స్తంభానికి కొంచెం పైన, గోరు గిల్లినంత. చెప్పలేదు. ఆయనే చూస్తారని ఆగాను.

చాలాసేపు చూశారు. "ఇవాళ మబ్బు," అన్నారు.

"అవును, మబ్బే," అన్నాను.

పడమట కొంచెం మబ్బు ఉన్నమాట నిజమే. చాలా కొంచెం.

ఫిబ్రవరి 5

కొత్త బల్బు పెట్టించాను. పాతదానికి రెట్టింపు వెలుతురు. ఇక ఇబ్బంది ఉండదు.

పాలు నేనే కాచాను. ఆయన ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 6

రేకులు కోయడం మొదలుపెట్టారు. ముందు గది నిండా రేకు ముక్కలు. చెప్పులు లేకుండా నడవొద్దని రెండుసార్లు చెప్పాను. వినేటప్పుడు నా వైపు కూడా చూడలేదు, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఇది నాలుగైదు నెలలుగా చూస్తున్నాను. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే మొహం పక్కకు తిరుగుతుంది. ఇన్నేళ్ళు నా మాటలు విని విసిగిపోయి ఉండవచ్చు. ఉంటే ఉండనీ. విసుగు దాచుకోవటం మర్యాద, అది కూడా ఈ వయసులో నేనే నేర్పాలా?

ఒకప్పుడు ఆయన మొహం తిప్పుకునే మనిషి కాదు.

నేను బడిలో చేరిన మొదటి ఏడాది, తొమ్మిదో తరగతి పిల్లల్ని నాటకానికి తీసుకెళ్ళాను. సాయంత్రం దృశ్యం. తెర మీద ఎడమవైపు సూర్యుడు దిగుతున్నాడు, ఎర్రటి వెలుగు. నడుమ నెలవంక, కొమ్ములు రెండూ సూర్యుడి వైపు. నా పక్కనున్న పిల్ల "టీచర్, చంద్రుడు సూర్యుణ్ణి పొడుస్తున్నాడు," అంది. నాటకం అయ్యేదాకా కూర్చోలేకపోయాను. చీటీ రాసి గేటు దగ్గర మనిషికి ఇచ్చాను. "నెలవంకలో వెలిగే భాగం సూర్యుడి వైపే ఉంటుంది. కొమ్ములు ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే తిరిగి ఉంటాయి. దయచేసి సరిచేయగలరు. ఇట్లు, సైన్సు టీచరు."

మూడోరోజు బడికి ఒకతను వచ్చాడు. చెవి మీద నీలం రంగు, చొక్కా మీద అన్ని రంగులూ. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "చంద్రుడి గురించి కోప్పడింది ఎవరండీ?" అన్నాడు.

ప్రయోగశాలకు తీసుకెళ్ళి కిటికీ తలుపులు మూశాను. బల్బు వెలిగించి, అల్లిక సూదికి నిమ్మకాయ గుచ్చి చేతికిచ్చాను. మీ తల భూమి, నిమ్మకాయ చంద్రుడు, బల్బు సూర్యుడు, చెయ్యి చాచి మీ చుట్టూ మీరు నెమ్మదిగా తిరగండి అన్నాను. తిరిగాడు. సన్నటి వెలుగు గీత పుట్టి, సగమై, నిండై, మళ్ళీ సన్నబడింది. ఒక్కసారి తిరిగితే అర్థమవుతుంది. పిల్లలకు అయ్యేది. ఇతను నాలుగోసారి తిరుగుతున్నాడు.

"ఇంకా అర్థం కాలేదా?" అన్నాను.

"మొదటిసారే అయిందండీ. బావుందని తిరుగుతున్నాను."

ఆ తర్వాత చంద్రుణ్ణి నిజంగా చూద్దామని అడిగాడు. బడి మేడమీద, సాయంత్రం అటెండరు మేడ తాళం వేసేదాకా. నెలవంక నుంచి మొదలుపెట్టాం. నేను ప్రతి రోజూ ఎంత భాగం వెలిగిందో గీసుకున్నాను. అతనూ గీశాడు. పున్నమి దాటాక చూస్తే నా కాగితాల మీద చంద్రుడున్నాడు. అతని కాగితాల మీద సగానికి పైగా నేనున్నాను.

ఫిబ్రవరి 7

మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు రేకులు చూశాను. తప్పు. మళ్ళీ అదే తప్పు.

ఆయన పద్ధతి ఏమిటంటే, నల్లటి గుండ్రటి రేకును వెలుగు మీదికి జరపడం. దానివల్ల చంద్రుడు కొరికిన బిస్కట్టులా కనిపిస్తాడు. అది గ్రహణం. భూమి నీడ పడితే అలా ఉంటుంది. నెలనెలా పెరిగి తరిగే చంద్రుడి మీద ఏ నీడా పడదు. చంద్రుడు బంతి. సగం బంతి ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. ఆ ఎండ మనకు ఏ పక్కనుంచి ఎంత కనిపిస్తే చంద్రుడు ఆ రోజుకు అంత. ఎండకూ చీకటికీ నడుమ గీత బంతి మీద ఉంటుంది కాబట్టి పక్కనుంచి చూస్తే గుండ్రంగా కాదు, కోలగా వంగుతుంది. ఇది పెళ్ళికి ముందే చెప్పాను. విన్నారు, మెచ్చుకున్నారు, మర్నాడు గుండ్రటి రేకే వేశారు. "మీ లెక్క మీది, మా తొందర మాది. ఒక్క రేకుతో అన్ని చంద్రుళ్ళూ అయిపోతాయి," అనేవారు.

అదొక్కటే అయితే ఊరుకునేదాన్ని. రేకు అంచు వంకరటింకరగా ఉంది. ఒకచోట గీసిన గీత మీద కోత లేదు, వేలెడు పక్కన ఉంది. కొత్త బల్బు కింద కూర్చుని కోశారు.

కత్తెర కొంచెం మొద్దు. అదే అయి ఉంటుంది.

కాగితం మీద కోల గీతలు గీసి, రేకులు కొత్తగా కోసి, ఆయనవి ఉన్నచోటే పెట్టాను. సన్నటిది, సగం. తరిగే చంద్రుడికి వేరే రేకులు అక్కర్లేదు, ఇవే తిప్పి పెడితే చాలు. ఇది కూడా నలభై ఏళ్ళ కిందట చెప్పాను.

ఆయన లేచేసరికి వంటింట్లో ఉన్నాను.

ఫిబ్రవరి 8

రేకు చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు నడిపారు. ఈ చివరి నుంచి ఆ చివరికి.

"ఇది నా అంచు కాదు."

"మీ అంచు తప్పు."

"నలభై ఏళ్ళు తప్పే వేశాను. ఒక్కడైనా లేచి అడిగాడా?"

"ఒకతి అడిగింది."

"అందుకే కదా పెళ్ళి చేసుకుంది. నోరు మూయిద్దామని."

"మూయించారా?"

ఇంతవరకూ బాగానే ఉంది. ఇద్దరం నవ్వబోతున్నాం కూడా. అప్పుడు ఆయన రేకు బల్ల మీద పెట్టి, "పడుకున్నప్పుడు చేశావు," అన్నారు. "ఎదురుగా చెయ్యొచ్చుగా? ఎన్ని తెరల మీద దిద్దలేదు నువ్వు? వేలు పెట్టి చూపించి, చెవి మెలేసి దిద్దించావు. ఇప్పుడు దొంగతనంగా ఎందుకు?"

"కత్తెర మొద్దుగా ఉంది, బల్బు కూడా..."

"బల్బు ఊసెత్తకు."

మొహం కిటికీ వైపు తిరిగింది.

"మాట్లాడుతుంటే మొహం తిప్పుకోకండి," అన్నాను.

"తిప్పకపోతే నీకు మొహం ఉండదు," అన్నారు.

అంత మాట ఎప్పుడూ అనలేదు. బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. ఆరేసినవే తీసి మళ్ళీ ఆరేశాను.

ఫిబ్రవరి 9

మాటల్లేవు. కళ్ళలో చుక్కలు వేసేటప్పుడు కూడా.

ఫిబ్రవరి 10

పొద్దు వాలుతుండగా ఆయనే అన్నారు. "టీచరమ్మా, ఇవాళ సగం చంద్రుడు ఉంటాడు కదా. పైకి తీసుకెళ్తావా?"

టీచరమ్మా అని పిలిచారంటే సంధి. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. ఆయన పట్టుకున్నారా నేను పట్టుకున్నానా తెలియకుండా ఎక్కాం. మడత మంచం వేసి పడుకోబెట్టాను. సగం చంద్రుడు సూర్యాస్తమయానికి నడినెత్తికి వస్తాడు కాబట్టి మెడ నొప్పి పుట్టకుండా చూడాలంటే పడుకుని చూడటమే పద్ధతి.

ఆయన చంద్రుణ్ణి చూడటం లేదు. నీళ్ళ ట్యాంకు వైపు చూస్తున్నారు.

"అటు కాదు. నడినెత్తిన."

"తెలుసు. ట్యాంకును చూస్తేనే చంద్రుడు కనిపిస్తాడు. సూటిగా చూస్తే మాయం. చూపు మధ్యలో మరక ఉంది. నేను ఎటు చూస్తే అటు వస్తుంది. దేన్ని చూడాలో దాన్నే మింగేస్తుంది." ట్యాంకు మీంచి చూపు తిప్పకుండానే అన్నారు. "నీ మొహం కావాలంటే కిటికీని చూడాలి. అప్పుడు నువ్వు పక్కన కనిపిస్తావు. నువ్వేమో మొహం తిప్పుకుంటున్నానని అలుగుతావు."

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. మసక నక్షత్రాన్ని సూటిగా చూడకండి, కొంచెం పక్కకు చూడండి, అప్పుడే కనిపిస్తుంది, కంటి అంచుకు మసక వెలుతురు బాగా తెలుస్తుంది, అని. పరీక్షలో అడిగేదాన్ని కూడా. నా ఇంట్లో, నా ఎదురుగా, నెలల తరబడి ఒక మనిషి ఆ పాఠం చేసి చూపిస్తుంటే విసుగు అనుకున్నాను.

"నాతో చెప్పొచ్చు కదా," అన్నాను.

"డాక్టరమ్మ చెప్పింది నువ్వు చెప్పావా?"

మధ్య చూపు తిరిగి రాదు. ఇంకా పోతుంది. అంచు చూపు మిగులుతుంది. డాక్టరమ్మ చెప్పింది ఇది. ఆయనకు చెప్పాను. ఇక్కడ కూడా రాశాను.

ఆయన అంతా విని, "సరే. అంచు మిగిలితే చాలు, అంచుల గురించే కదా మన తగువు," అన్నారు. తర్వాత ఆయనే మాట మార్చారు. "ఇప్పుడు చెప్పు. చంద్రుడి చీకటి సగం ఏ రంగులో ఉంది?"

"నలుపు."

"చూసి చెప్పు."

చూశాను. ఇంకా చీకటి పడలేదు. వెలిగే సగం పక్కన ఏమీ లేదు. ఆకాశం ఎంత నీలమో అక్కడా అంతే నీలం.

"నీలం," అన్నాను.

"మరి నలుపు అన్నావు. నీకు తెలిసింది చెప్పావు, చూసింది కాదు. నీ పిల్లలు ఇలా రాస్తే ఎన్ని మార్కులు వేసేదానివి?"

సున్నా. బడిలో నన్ను అందరూ సున్నాల టీచరనే అనేవారు.

కిందికి వెళ్ళి నా పాత బైనాక్యులర్సు తెచ్చాను. నడుమ గీత మీద చూపు నిలిపితే గీతే లేదు. చిరిగిన బట్ట అంచులా ఉంది. వెలుగులోకి చీకటి చొచ్చుకొచ్చి, చీకట్లో అక్కడక్కడా వెలుగు చుక్కలు. అవి కొండల కొనలు. తెలియనిదేం కాదు, నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పినదే. ఆయనకు వివరించాను. "ఆ అంచున ఇప్పుడు తెల్లవారుతోంది. అక్కడ నిలబడితే సూర్యుడు అప్పుడే పైకొస్తుంటాడు. కొండ కొనలకు ముందు ఎండ తగులుతుంది, లోయల్లో ఇంకా చీకటే. నీడలు చాలా పొడుగ్గా పడతాయి. అందుకే అంచు అలా పీచుపీచుగా ఉంటుంది."

"తెల్లవారుతోందా," అన్నారు. చాలాసేపు ట్యాంకును చూశారు. "అయితే నీ వంపు నిజమే. కానీ తెల్లవారడాన్ని కత్తెరతో కోస్తే ఎలాగమ్మా?"

ఫిబ్రవరి 12

పని ఇలా పంచుకున్నాం. వంపు నాది. అంచు ఆయనది.

నేను కోసిన రేకు అంచుకు నల్ల బట్ట అతికించాం. ఆ బట్ట అంచు నుంచి ఆయన ఒక్కొక్క పోగూ లాగుతున్నారు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. దానికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళు చాలు. బల్బు వెలిగించి చూస్తే మల్లు బట్ట మీద వెలుగు ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది.

నేను జన్మంతా పోగులు ఊడకుండా అంచులు మడిచి కుట్టిన మనిషిని. ఇవాళ కావాలని పోగులు లాగాను. మొదట్లో ప్రాణం గిలగిలలాడింది.

నెలవంక రేకుకు ఇంకో పని ఉంది. సన్నటి నెలవంకలో మిగతా చంద్రుడు కూడా లీలగా కనిపిస్తాడు. భూమి మీద పడ్డ ఎండ అక్కడికి వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ మనకు చేరే వెలుగు అది. పున్నమినాడు ఇక్కడ వెన్నెల ఉన్నట్టే అక్కడ భూమి వెలుగు. ఆయనకు ఇందులో కారణం అక్కర్లేదు, రంగు మాత్రం తెలుసు. "బూడిద మీద నీలం ఊదినట్టు ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను," అన్నారు. దానికోసం రేకు నిండా సూదితో బెజ్జాలు పొడవాలి. నేను స్కేలు పెట్టి పొడుస్తున్నాను.

వేళ్ళతో తడిమి, "వరసలు కట్టించావా? ప్రార్థనకు నిలబెట్టావా వీటిని?" అన్నారు.

చెదరగొట్టాను. చెదరగొట్టడం నేర్చుకోవాల్సి వచ్చింది. నాలుగు పొడిచేసరికి ఐదోది తనంతట తనే వరసలోకి వస్తుంది.

మధ్యాహ్నం మిణుగురు భోజనానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మమ్మా, నీ చీర మీద పోగులున్నాయి," అంది.

"ఉంటే ఉండనీ."

"నీకు ఒంట్లో బాగానే ఉందా?"

ఫిబ్రవరి 14

పెట్టె నాటకశాలకు చేర్చారు. గడియారం, మిణుగురు, మేమిద్దరం. ముందు ప్రొజెక్టరు చంద్రుణ్ణి వేశారు. నిజం చెప్పాలి కాబట్టి రాస్తున్నాను, చాలా బాగుంది. నిజమైన ఫోటో, ప్రతి బిలం లెక్కపెట్టుకోవచ్చు. ఇంక మా పని అయిపోయిందనుకున్నాను. ఆయన చేతి మీద చెయ్యి వేశాను, ఆయనకు కాదు, నాకే ధైర్యం కోసం.

తర్వాత కిటికీ వెనక మా పెట్టె వెలిగించారు. నెలవంక రేకు.

గడియారం మణికట్టు చూసుకోలేదు. అయినా నిర్ణయం చెప్పలేదు. "ప్రొజెక్టరుతో తంటా తక్కువ, మాష్టారూ. మీటలు నొక్కితే చాలు. ఇది ఎవరో ఒకరు వెనక కూర్చుని చేత్తో మార్చాలి," అన్నాడు. తర్వాత మిణుగురు వైపు తిరిగాడు. "దీపాలు నీవి. నువ్వు చెప్పు."

ఆయన మొహం నేల వైపు ఉంది. అంటే మిణుగురు మొహం చూడాలని ప్రయత్నిస్తున్నారు.

మిణుగురు రెండింటినీ ఇంకోసారి వేసి చూసింది. తాతయ్య మీద జాలితో చెప్పకూడదని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను. జాలితో చెబితే ఆయనకు తెలిసిపోతుంది.

"నాది తెర మీద ఉంది," అంది చివరికి. "వీళ్ళది కిటికీ అవతల ఉంది. నాటకంలో ఆవిడ కిటికీలోంచే కదా చూడాలి?"

అంతే. తన ప్రొజెక్టరు తీగలు తనే చుట్టుకుంటూ వెళ్ళింది. ఆ ఉద్యోగం గురించి దానికి నేను చెబుతూ వచ్చిన మాట ఇకముందు చెప్పను.

ఫిబ్రవరి 16

పున్నమి. మేడమీదికి వెళ్ళాం. ఆయనకు పున్నమి చంద్రుడు నచ్చడు. ఎండ సూటిగా పడుతుంది, నీడలుండవు, గీయడానికేం ఉండదంటారు. నాకూ అంతే, చెప్పడానికేం ఉండదు. అయినా కూర్చున్నాం. బడి మేడ మీద ఆ నెల పున్నమినాడు అతను కాగితం కూడా తేలేదు. "ఇవాళ పనేం లేదండీ, అందుకే వచ్చాను," అన్నాడు. అప్పట్లో నన్ను అండీ అనేవాడు.

ఫిబ్రవరి 19

రేకులు మార్చే పని నాది. ఏ మాటకు మార్చాలో చెవులతో పట్టే పని ఆయనది. పెట్టె వెనక స్టూలు మీద నేను, పక్కన కుర్చీలో ఆయన. సమయం వచ్చినప్పుడు మోచేతికి వేలు తగిలిస్తారు.

ఇవాళ పూర్తి రిహార్సలు. మొదటి దృశ్యం, సాయంత్రం. మిణుగురు కిటికీకి కుడివైపు సూర్యాస్తమయం ఎరుపు వెలిగించింది. ఆయన వేలు తగిలింది. నెలవంక రేకు జాగ్రత్తగా గాడిలో దించాను. వెలుగు ఏ వైపు ఉండాలో రేకు మీద బాణం గుర్తు కూడా వేసుకున్నాను.

ముందు నుంచి మిణుగురు గొంతు వినిపించింది. "అమ్మమ్మా! చంద్రుడు సూర్యుణ్ణి పొడుస్తున్నాడు!"

వెనకనుంచి పెడితే కుడి ఎడమవుతుందని ఆలోచించలేదు. నేను. బాణం గుర్తు వేసుకుని మరీ.

ఆయన నవ్వారు. మొదట చప్పుడు లేకుండా, తర్వాత కుర్చీ కిర్రుమనేలా, ఆఖరికి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. నటీనటులంతా ఆగిపోయారు. "చీటీ... ఎవరైనా చీటీ రాసివ్వండి," అంటున్నారు మధ్యమధ్యలో. "దయచేసి సరిచేయగలరని రాయండి."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది కాబట్టి నేనూ నవ్వాను. గడియారం వచ్చి ఇంకా రెండే రోజులుందని గుర్తుచేశాడు.

ఫిబ్రవరి 20

రేకులు అన్నీ తిప్పి గుర్తులు మార్చాను. రెండుసార్లు సరిచూశాను. ఆయన మూడోసారి వేళ్ళతో చూశారు.

ఫిబ్రవరి 22

నిన్న నాటకం జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

సాయంత్రం ఆట. నాటకశాల నిండింది. మేం పెట్టె వెనక కూర్చున్నాం. బల్బు వేడికి చెమటలు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, ఎవరూ చూడని చోట కూర్చోవడానికి.

నెలవంక సరైన వైపే పడింది. ముందు వరుసలో ఎవరో "అదుగో" అన్నది వినిపించింది. సగం చంద్రుడూ సవ్యంగానే పడ్డాడు. పున్నమికి రేకు తీసేశాను. ఆ దృశ్యంలో ఇల్లాలు కిటికీ దగ్గర నిలబడి, నెల్లాళ్ళని చెప్పిన మాటలో సగం అయిపోయిందని పాడుకుంటుంది. నాకు ఆమె నీడ మాత్రం కనిపించింది.

తర్వాత తరిగే చంద్రుడు. రేకు తిప్పి పెట్టాను. చివరి దృశ్యం తెల్లవారుజాము, అమావాస్య ముందు రోజు, గోరంత చంద్రుడు. నిజానికి అతను తూర్పున ఉండాలి, ఈ కిటికీ పడమటిది; నాటకం కాబట్టి ఊరుకున్నాను. ఇల్లాలు మాట్లాడదు. చంద్రుణ్ణి చూస్తూ నిలబడుతుంది, అంతే. ఎంతసేపు నిలబడాలో ఆమె ఇష్టం. బయట అడుగుల చప్పుడయ్యాక చంద్రుణ్ణి ఆర్పాలి.

ఆ నిశ్శబ్దంలో ఆయన నా చెవి దగ్గరికి వంగారు. "ఎలా ఉంది?"

చేసిన ప్రతి చంద్రుడి గురించీ ఆయన నన్ను ఈ మాట అడిగారు. ప్రతిసారీ తప్పులు చెప్పాను, తప్పు లేనప్పుడు వెతికి చెప్పాను. ఇప్పుడు కూడా చెప్పడానికి నోరు తెరిచాను. నా ముందు బల్బు ఉంది, దాని తీగ ఉంది, జిగురు మరకలతో రేకు వీపు ఉంది. మల్లు బట్ట ఇటువైపు నుంచి కాల్చిన పాత గుడ్డలా ఉంది. చంద్రుడు అటువైపు ఉన్నాడు.

"నాకూ కనపడటం లేదు," అన్నాను.

ఆయన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి. నవ్వు తగ్గాక, "జనం?" అన్నారు.

విన్నాను. దగ్గు లేదు. కుర్చీ కిర్రు లేదు. అంతమంది ఒకేసారి ఊపిరి బిగబట్టుకున్నారు.

"చప్పుడు లేదు."

"అయితే ఉన్నాడు," అన్నారు.

బయట అడుగులు వినిపించాయి. ఆయన వేలు నా మోచేతికి తగిలింది. ఆర్పాను.